గాజు చేసేది మనం, నమూనా గీసేది ఎవరు?

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో దీపాల వెలుగులో మెరిసే లక్క గాజులను చూడని తెలుగువారు తక్కువ. ఆ గాజు పుట్టేది మాత్రం పాతబస్తీ ఇరుకు గదుల్లో. నిప్పుల కుంపటి ముందు కూర్చొని, మెత్తబడిన లక్కను చేతితో సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయినీ అద్దుతూ కారీగర్లు దానిని తయారు చేస్తారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. మన నగరపు శ్రమకు దక్కిన గౌరవం అది. సంతోషించవలసిందే.

అయితే ఆ సంతోషం మధ్య ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ గాజు ఎలా ఉండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? వ్యాపారి ఫోన్‌లో ఒక బొమ్మ చూపిస్తాడు, ఇలాంటివి ఇన్ని జతలు కావాలంటాడు. కారీగర్ చేసి ఇస్తాడు. జతకు ఇంత అని కూలి తీసుకుంటాడు. మగ్గం వర్క్ చేసే మన ఆడపడుచుల పరిస్థితీ అదే. జాకెట్టు మీద ముత్యం, జరీ, పూస కుట్టేది ఆమె. ఆ పువ్వు ఎక్కడ రావాలో, ఏ రంగు కలవాలో చెప్పేది మరొకరు. బట్టల దుకాణంలో ఆ జాకెట్టు ధర ఎంత పలికినా ఆమెకు దక్కేది గంటల లెక్కన కూలే. చేసే చేతికి, ఆలోచించే తలకు మధ్య ఉన్న ఈ దూరమే మన సముదాయపు పేదరికానికి ఒక ముఖ్య కారణం.

ఆ దూరాన్ని తగ్గించగల చదువు ఒకటి ఉంది. కొన్ని దేశాలలో దానిని పాఠశాల చివరి రెండేళ్లలో, అంటే మన ఇంటర్మీడియట్ వయసులో, భౌతికశాస్త్రం, గణితం పక్కనే సమాన హోదాతో బోధిస్తారు. పేరు ప్రొడక్ట్ డిజైన్ అండ్ టెక్నాలజీ. తెలుగులో వస్తు రూపకల్పన, సాంకేతికత అనుకుందాం. ఈ చదువు మన పిల్లలకు అందడం హక్కుల పోరాటంలో భాగం కావాలన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

ఈ చదువులో ఏముంటుంది?

డిజైన్ అనగానే బొమ్మలు గీయడం, బట్టల ఫ్యాషన్ అని చాలామంది అనుకుంటారు. ఈ సబ్జెక్టు పరిధి అంతకంటే ఎంతో పెద్దది. ఇంగ్లండ్‌లో ఏ లెవెల్ స్థాయిలో దీనిని తీసుకున్న విద్యార్థికి సగం మార్కులు రాత పరీక్షలకు, మిగతా సగం తానే రూపొందించి తయారు చేసిన వస్తువుకు వస్తాయి. రాత పరీక్షలో పదార్థాల గుణాలు, తయారీ పద్ధతులు, పర్యావరణ ప్రభావం, డిజైన్ చరిత్ర ఉంటాయి. గణిత నైపుణ్యానికి కనీస వాటా ఇవ్వాలన్న నియమమూ ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో కూడా పాఠశాల చివరి దశలో ఈ సబ్జెక్టు ఉంది. అక్కడా విద్యార్థి ఒక వాడుకరిని ఎంచుకొని, ఆ వ్యక్తి అవసరానికి తగిన వస్తువును తయారు చేసి, ప్రతి దశనూ ఒక దస్త్రంలో నమోదు చేయాలి.

ఈ పని ఒక క్రమంలో సాగుతుంది. మొదట సమస్యను వెతకాలి. ఆ సమస్యను అనుభవిస్తున్న మనిషితో మాట్లాడాలి, కొలతలు తీసుకోవాలి. బజారులో ఇప్పటికే ఏమి దొరుకుతోందో, అది ఎందుకు సరిపోవడం లేదో పరిశీలించాలి. వస్తువు ఏయే షరతులు తీర్చాలో ముందే రాసుకోవాలి. అనేక ఊహాచిత్రాలు గీసి, అట్టముక్కలతో నమూనా చేసి, వాడుకరి చేతికిచ్చి చూడాలి. ఆ తరువాతే కలప, లోహం, బట్ట, ప్లాస్టిక్ వంటి అసలు పదార్థాన్ని ఎంచుకోవాలి. చివరికి వస్తువును పరీక్షించి, తాను ముందు రాసుకున్న షరతులలో ఎన్ని తీరాయో, ఎన్ని తీరలేదో నిజాయితీగా రాయాలి. ఆ తప్పుల గురించి రాసిన దానికి కూడా మార్కులుంటాయి. బట్టీ పట్టే చదువులో ఈ అవకాశం ఎక్కడుంది?

ఇదే మన ఇళ్లలోకి తెచ్చి చూద్దాం. మగ్గం వర్క్ చేసే ఒక తల్లి, ఇంటర్ చదివే ఆమె కూతురు ఉన్నారనుకోండి. తల్లి రోజంతా నేల మీద కూర్చొని, కర్ర చట్రానికి బిగించిన బట్ట మీద వంగి కుట్టుపని చేస్తుంది. సాయంత్రానికి నడుము, మెడ, కళ్లు నొప్పులు. కూతురికి ఈ సబ్జెక్టు ఉంటే ఆమె ప్రాజెక్టు ఇంట్లోనే సిద్ధంగా ఉంది. తల్లి ఎన్ని గంటలు ఏ కోణంలో వంగుతోందో కొలుస్తుంది. చట్రం ఎత్తు మార్చుకునేలా, ఇరుకు గదిలో గోడకు మడిచి పెట్టుకునేలా, కుట్టే చోట నీడ పడకుండా దీపం అమర్చుకునేలా ఒక కొత్త చట్రాన్ని ఆలోచిస్తుంది. అట్టతో ఒకటి, వెదురుతో ఒకటి చేసి తల్లికి ఇచ్చి చూస్తుంది. బరువు ఎంత, ఖర్చు ఎంత, బిగింపు వదులవుతోందా అని లెక్క వేస్తుంది. ఇందులో జ్యామితి ఉంది, బలాల భౌతికశాస్త్రం ఉంది, దేహశాస్త్రం ఉంది, వ్యాపార లెక్క ఉంది. వాటన్నిటితో పాటు తల్లి శ్రమ పట్ల గౌరవం ఉంది.

సంపన్నుల ఇళ్ల పిల్లలు ఇలాంటి ప్రాజెక్టు కోసం సమస్యను వెతుక్కుంటూ బయటికి పోవాలి. మన పిల్లలు సమస్యల మధ్యే, పనిముట్ల మధ్యే పెరుగుతున్నారు. ఈ ఒక్క సబ్జెక్టులో వారు నాలుగడుగులు ముందు నుంచి మొదలుపెడతారు. అదే సబ్జెక్టు మన కళాశాలల్లో లేదు.

చేజారిన వృత్తులు నేర్పిన పాఠం

2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదికను మన సభల్లో తరచు ప్రస్తావిస్తాం. ఉద్యోగాలలో మన వాటా ఎంత తక్కువో చెప్పే అంకెలు అందరికీ కంఠస్థం. అదే నివేదికలో మరొక అంకె ఉంది. ముస్లిం శ్రామికులలో దాదాపు 61 శాతం స్వయం ఉపాధి మీద బతుకుతున్నారు. హిందూ శ్రామికులలో అది దాదాపు 55 శాతం. నెల జీతం, పింఛను, సెలవు లేని పనులే మనకు ఎక్కువ అని దీని అర్థం. మనవారిలో ఎందరో చేతిపని మీద, చిన్న దుకాణం మీద, మరమ్మతుల మీద ఆధారపడి ఉన్నారు. దీనినే కొందరు ఎగతాళిగా పంక్చర్లు వేసుకునే వాళ్లని అంటారు. ఆ మాట విన్నప్పుడు మనకు కోపం వస్తుంది. న్యాయమైన కోపమే. కాని చేతిపని చేసేవారిని చిన్నచూపు చూసే ఆ బుద్ధి మనలోనూ కొంత ఉందేమో చూసుకోవాలి.

వృత్తి ఉండి, దానిని కాలానికి తగినట్టు మార్చుకునే విద్య లేకపోతే ఏమవుతుందో దూదేకుల సోదరుల చరిత్ర చెబుతుంది. నూర్ బాషాలుగా పిలిచే ఈ సముదాయం తరతరాలుగా విల్లుతో దూదిని ఏకి, ఊరూరా తిరిగి పరుపులు కుట్టింది. దూది ఏకే యంత్రాలు వచ్చాయి. తరువాత ఫోమ్ పరుపులు, కొబ్బరి పీచు పరుపులు వచ్చాయి. విల్లు మూలన పడింది. మనిషి వెన్నుకు ఏ పరుపు మంచిదో, ఏ దూదికి ఎంత సాగుడు ఉంటుందో, ఎండలో ఎంతసేపు ఆరబెట్టాలో వారి చేతులకు తెలుసు. ఆ జ్ఞానాన్ని కొత్త వస్తువుగా మార్చే చదువు, పెట్టుబడి రెండూ వారికి అందలేదు. పరుపుల పరిశ్రమ పెద్దదయింది. దానిలో పరుపులు కుట్టిన సముదాయం యజమాని కాలేదు.

బిద్రీ పని మరో ఉదాహరణ. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోస్తారు. దాని మీద ఉలితో గీతలు చెక్కి వెండి తీగను, రేకును పొదుగుతారు. చివరికి బీదర్ కోట మట్టిని నవాసారంతో కలిపిన నీటిలో వేడి చేస్తే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఇది పూర్తిగా రసాయనశాస్త్రం. బిద్రీ పనివారి కొడుకు ఎంపీసీలో చేరి జింకు పరమాణు సంఖ్య బట్టీ పడతాడు. తన తండ్రి చేతిలో ఆ లోహం ఎందుకు నల్లబడుతుందో ఏ పాఠమూ అతనికి చెప్పదు. ఇంటి జ్ఞానానికీ బడి జ్ఞానానికీ మధ్య వంతెన లేదు. పిల్లవాడు రెండింటిలోనూ అరకొరగా మిగిలిపోతాడు.

హైదరాబాదులో పుట్టిన ఒక మహనీయుడి ఆలోచన

చేతిపని ద్వారా చదువు అన్న ఆలోచన మనకు పరాయిది కాదు. 1937లో వార్ధాలో జరిగిన జాతీయ విద్యా సదస్సు తరువాత, గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యకు ప్రణాళిక రాసే బాధ్యతను ఒక కమిటీకి అప్పగించారు. ఆ కమిటీ అధ్యక్షుడు డాక్టర్ జాకీర్ హుసేన్. 1897లో హైదరాబాదులో పుట్టి, జామియా మిల్లియాను నిలబెట్టి, 1967లో భారత రాష్ట్రపతి అయిన జాకీర్ సాహెబే ఆయన. నూలు వడకడం, వడ్రంగం, వ్యవసాయం వంటి ఒక పనిని కేంద్రంగా పెట్టుకొని భాష, గణితం, విజ్ఞానశాస్త్రం, సమాజశాస్త్రం బోధించాలని ఆ కమిటీ సూచించింది.

ఆ పథకం మీద విమర్శలూ వచ్చాయి. పిల్లల చేతిపని అమ్మకంతో బడి ఖర్చు వెళ్లాలన్న భావన అది బాలకార్మికత్వం అవుతుందేమోనన్న భయం కలిగించింది. ఆ భయం సహేతుకమే. నేటి డిజైన్ విద్య ఆ లోపాన్ని దిద్దుకున్నది. ఇక్కడ విద్యార్థి చేసిన వస్తువు అమ్మకానికి కాదు. అది అతని ఆలోచనకు సాక్ష్యం. ఎన్ని వస్తువులు చేశాడన్నదానికి బదులు ఒక వస్తువును ఎందుకు అలా చేశాడన్నదాన్ని చూస్తారు. అయినా చేయి, తల కలిసి పనిచేయాలన్న మూల సూత్రం జాకీర్ సాహెబ్ చెప్పిందే. ఆయన పేరు మీద భవనాలు కట్టుకున్నాం. ఆయన ఆలోచనను మాత్రం పక్కన పెట్టాం.

భారతదేశంలో డిజైన్ విద్య పుట్టుకలో కూడా ఒక మామూలు ఇంటి వస్తువే ఉంది. కేంద్ర ప్రభుత్వం ఆహ్వానం మీద వచ్చిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఒక నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. ఆ నివేదికలో వారు ఎంతో మెచ్చుకున్న వస్తువు లోటా. ఎన్నో తరాల చేతులు మార్చి మార్చి ఆ రూపానికి తెచ్చిన నీటి చెంబు. మన ఇళ్లలో వజూకు వాడే తొండపు బద్నా కూడా ఆ కుటుంబంలోనిదే. పేరు లేని కారీగర్లు రూపకల్పన చేసిన ఆ వస్తువును ఆదర్శంగా చూపి మొదలైన విద్యలో నేడు కారీగర్ బిడ్డకు చోటు దొరకడమే కష్టమైంది.

మన ఇంటర్మీడియట్‌లో ఏముంది?

పదో తరగతి పాసైన పిల్లల ముందు ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అని దారులు పెడతాం. ఇంజనీరు, డాక్టరు కాగలిగితే మొదటి రెండు, లేకపోతే మిగిలినవి. వీటిలో దేనిలోనూ పిల్లలు ఒక వస్తువును ఆలోచించి తయారు చేసే సందర్భం రాదు. ఒకేషనల్ కోర్సులు ఉన్నాయి. అవి ఉపయోగకరమైనవే, మన పిల్లలు వాటిలో చేరుతున్నారు కూడా. కాని వాటి లక్ష్యం ఒక నిర్ణీత పనిని నేర్పడం. వాటిని చదివి ఇంజనీరింగ్‌కు పోవాలంటే బ్రిడ్జి కోర్సు రాయాలి. సమాజం వాటిని రెండో తరగతి చదువుగానే చూస్తోంది.

సీబీఎస్‌ఈ కొంత ముందుకు వచ్చింది. పదకొండు, పన్నెండు తరగతుల్లో డిజైన్, డిజైన్ థింకింగ్ అండ్ ఇన్నోవేషన్ అన్న నైపుణ్య విషయాలను అనుమతించింది. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ అన్నది ఎప్పటినుంచో ఐచ్ఛికంగా ఉంది. బోర్డు అనుమతించినంత మాత్రాన ప్రతి పాఠశాలలో అవి ఉండవు. ఉపాధ్యాయుడు, పనిగది ఉన్న చోటే ఉంటాయి. వాటిని ఏర్పాటు చేసుకోగల స్తోమత ఎక్కువగా ఫీజులు భారీగా వసూలు చేసే బడులకే ఉంటుంది.

2020 జాతీయ విద్యా విధానం అకడమిక్, వృత్తి విద్యల మధ్య గోడలు ఉండకూడదని చెప్పింది. స్థానిక కళాకారులను, చేతివృత్తుల నిపుణులను బడులలో బోధకులుగా నియమించుకోవచ్చని కూడా చెప్పింది. ఆ విధానంలోని ఇతర అంశాల మీద మనకు అనేక అభ్యంతరాలు ఉండవచ్చు. ఈ రెండు వాక్యాలను మాత్రం అమలు చేయమని ప్రభుత్వాలను నిలదీయడానికి మనం వాడుకోవాలి.

తల్లిదండ్రుల భయం న్యాయమైనదే

ఈ విషయం ఇళ్లలో మాట్లాడితే వచ్చే మొదటి జవాబు ఊహించగలం. “మేము సుత్తి పట్టుకొని అరిగిపోయాం, మా పిల్లవాడు కూడా సుత్తే పట్టుకోవాలా?” కుంపటి ముందు కూర్చున్న తండ్రి ఈ మాట అంటే దానిని తేలికగా కొట్టిపారేయకూడదు. ఆ మాట వెనుక ఒక జీవితపు అలసట ఉంది. అంతేకాదు, వెనుకబడిన కులాల, మైనారిటీల పిల్లలను నైపుణ్యం పేరుతో పాత వృత్తులలోకే తోసే ధోరణి దేశంలో ఉంది. అగ్రవర్ణాల పిల్లలకు సైన్సు, మన పిల్లలకు స్కిల్లు అన్న పంపకాన్ని మనం ఒప్పుకోకూడదు.

అందుకే మన కోరిక స్పష్టంగా ఉండాలి. ఈ సబ్జెక్టు గణితానికి, భౌతికశాస్త్రానికి బదులు రాకూడదు. వాటితో పాటు రావాలి. ఎంపీసీ చదివే అమ్మాయి దీనిని తీసుకోగలగాలి. సీఈసీ చదివే అబ్బాయి కూడా తీసుకోగలగాలి. మైనారిటీ గురుకులాలకే పరిమితమైతే అది కొత్త వెలివాడ అవుతుంది. రాష్ట్రంలోని అన్ని ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఉండాలి, మన సంస్థలు అందులో ముందుండాలి. దానిలో వచ్చిన మార్కులకు ఉన్నత విద్యలో ఇతర సబ్జెక్టుల మార్కులకు ఉన్నంత విలువ ఉండాలి.

రెండో జవాబు, దీనితో ఉద్యోగం వస్తుందా అన్నది. కచ్చితంగా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంజనీరింగ్ పట్టా పట్టుకొని ఖాళీగా ఉన్న మన యువకులను చూస్తే అక్కడా హామీ లేదని తెలుస్తుంది. తేడా ఒకటుంది. ఇంజనీరింగ్ సీటు రాని పిల్లవాడికి ఇంటర్ చదువు చేతిలో ఏమీ మిగల్చదు. డిజైన్ చదివిన పిల్లవాడు ఏ దారిలో పోయినా సమస్యను విడదీసి చూడటం, కొలవడం, గీయడం, ధర కట్టడం నేర్చుకొని పోతాడు. తండ్రి వెల్డింగ్ దుకాణాన్ని చూసుకోవలసి వచ్చినా ఇతరులు ఇచ్చిన గేటు బొమ్మకు నకలు చేసే స్థాయిలో ఆగిపోడు. కంప్యూటర్‌లో క్యాడ్ బొమ్మ గీసి, ఇనుము ఎంత పడుతుందో లెక్క కట్టి, తన నమూనాను తన ధరకు అమ్ముతాడు.

నమూనా మీద హక్కు కూడా ఈ చదువులో భాగమే. భౌగోళిక గుర్తింపు ఒక ప్రాంతపు పేరును కాపాడుతుంది. ఆ ప్రాంతంలో ఒక కారీగర్ సొంతంగా సృష్టించిన కొత్త రూపాన్ని అది కాపాడదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. కొత్త రూపాన్ని ఆ చట్టం కింద నమోదు చేసుకుంటే 10 సంవత్సరాలు, పొడిగించుకుంటే మరో 5 సంవత్సరాలు దాని మీద హక్కు ఉంటుంది. ఒక షరతు ఉంది. ఆ రూపం అంతకు ముందు బయటపడి ఉండకూడదు. ముందు బజారులో పెట్టి, తరువాత నమోదుకు పోతే కొత్తదనం పోయిందని తిరస్కరించవచ్చు. ఇంత చిన్న సంగతి తెలియక మన పనివారు తమ ఆలోచనలను నమూనా చూపించిన రోజునే పోగొట్టుకుంటున్నారు. పదహారేళ్ల వయసులో ఈ పాఠం విన్న పిల్లలు ఆ తప్పు చేయరు.

దారులు ఉన్నాయి, తెలియాలి

ఇంటర్ తరువాత డిజైన్ చదవడానికి ఎంపీసీయే చదవాలన్న నియమం లేదు. ఐఐటీలలో డిజైన్ డిగ్రీకి ఐఐటీ బొంబాయి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష నిర్వహిస్తుంది. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా దానిని రాయవచ్చు. సాధారణంగా జనవరిలో జరుగుతుంది. ఐఐటీ హైదరాబాదులోనూ ఈ కోర్సు ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఉంది. అక్కడ పారిశ్రామిక డిజైన్, వస్త్ర డిజైన్, కమ్యూనికేషన్ డిజైన్ బోధిస్తారు. దాని ప్రవేశ పరీక్ష రెండు దశల్లో ఉంటుంది. రెండో దశలో ఇచ్చిన సామగ్రితో ఏదైనా చేసి చూపించమంటారు. హైదరాబాదు మాదాపూర్‌లో 1995 నుంచి నిఫ్ట్ ఉంది.

ఇక్కడే అన్యాయం కనిపిస్తుంది. ఈ పరీక్షలు పరిశీలన శక్తిని, చేతి నేర్పును, ఊహను పరీక్షిస్తాయి. మన పిల్లలకు ఇవి లేవా? ఉన్నాయి. లేనిది సమాచారం, ఆంగ్ల ప్రశ్నపత్రానికి అలవాటు, గీసిన వాటిని ఒక క్రమంలో భద్రపరచుకునే శిక్షణ. వాటిని నగరంలోని ప్రైవేటు శిక్షణ కేంద్రాలు భారీ ఫీజుకు అమ్ముతున్నాయి. కొనగలిగినవారు కొంటున్నారు. పాఠశాల చివరి రెండేళ్లలో ప్రభుత్వమే ఈ సబ్జెక్టు బోధిస్తే ఆ శిక్షణ ఉచితంగా అందరికీ అందుతుంది. ఒక్క సబ్జెక్టు ఉండటం, లేకపోవడం ఎవరు డిజైనరు అవుతారో, ఎవరు కూలీ అవుతారో నిర్ణయిస్తోంది. అందుకే ఇది విద్యాశాఖ పాఠ్యప్రణాళిక వ్యవహారం మాత్రమే అని ఊరుకోలేం. ఇది సమానత్వపు ప్రశ్న.

మనం అడగవలసినవి, చేయవలసినవి

మొదటిది, తెలంగాణలో 2016 నుంచి వెలసిన మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో దాదాపు సగం బాలికలవి. ఇంటర్ స్థాయికి పెరిగిన గురుకులాలలో కొన్నింటినైనా ఎంపిక చేసి వస్తు రూపకల్పన, సాంకేతికతను ఐచ్ఛిక విషయంగా ప్రారంభించాలి. అవి బాలికల గురుకులాలతో మొదలు కావాలి. మగ్గం వర్క్, గాజుల పని చేసే చేతులు అధికంగా స్త్రీలవే కాబట్టి ఈ చదువు మీద మొదటి హక్కు వారిదే. ఆంధ్రప్రదేశ్‌లోని మైనారిటీ విద్యాసంస్థలకూ ఇదే వర్తిస్తుంది.

రెండవది, పనిగదులు. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లల కోసం కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబులను ఏర్పాటు చేసింది. ఒక్కోదానికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇచ్చింది. దేశంలో 10,000 ల్యాబులు వచ్చాయి. ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్లలో మరో 50,000 ఏర్పాటు చేస్తామని 2025 బడ్జెటులో ప్రకటించారు. వాటిలో మన ప్రాంతాల బడులకు ఎన్ని వస్తున్నాయో అడగాలి. సమాచార హక్కు చట్టం కింద జిల్లాల వారీగా వివరాలు కోరడం మన కార్యకర్తలు రేపే మొదలుపెట్టగల పని. హైదరాబాదు రాయదుర్గంలో రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చిలో ప్రారంభించిన టీ-వర్క్స్ ఉంది. ఆలోచనను నమూనా వస్తువుగా మార్చే యంత్రాలు అక్కడ ఉన్నాయి. గురుకులాల విద్యార్థులకు అక్కడ క్రమం తప్పకుండా ప్రవేశం కల్పించాలని కోరాలి.

మూడవది, బోధకులు. పుస్తకం చెప్పే ఉపాధ్యాయునితో పాటు పని తెలిసిన ఉస్తాదు తరగతిలో ఉండాలి. బిద్రీ పనివాడు, లక్క గాజులు చేసే స్త్రీ, వడ్రంగి, మెకానిక్ గౌరవ వేతనంతో తరగతి గదికి రావాలి. తన తండ్రిని మాస్టారు కుర్చీలో చూసిన పిల్లవాడు చేతిపనిని ఇక ఎన్నడూ అవమానంగా భావించడు.

నాలుగవది మన బాధ్యత. రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కునిచ్చింది. ఆ హక్కుతో మనం ఎన్నో ఇంజనీరింగ్, బీఈడీ కళాశాలలు పెట్టుకున్నాం. ఆ సంస్థలలోని వర్క్‌షాపులు సాయంత్రాలు, సెలవు దినాలలో ఖాళీగా ఉంటాయి. చుట్టుపక్కల ఇంటర్ పిల్లలకు వాటిని తెరవడానికి ఏ జీవో అవసరం లేదు. యాజమాన్యాల మనసు చాలు. మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఈ ప్రవేశ పరీక్షల తేదీలను, ఉపకార వేతనాల వివరాలను నోటీసు బోర్డు మీద రాయవచ్చు. వెనుకబడిన తరగతుల జాబితా రాష్ట్రానికి వేరు, కేంద్రానికి వేరు. కేంద్ర సంస్థలకు దరఖాస్తు చేసేముందు తమ వర్గం ఏ జాబితాలో ఉందో కుటుంబాలు సరిచూసుకొని, ధ్రువపత్రాలు ముందుగానే తీసుకోవడానికి అనుభవం ఉన్నవారు సాయపడాలి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లవాడు పాత రేడియోను విప్పి కూర్చుంటే, మీ అమ్మాయి పెట్టెలతో, తీగలతో ఏదో కడుతుంటే చదువు మానేసి ఆటలా అని కసరకండి. ఎందుకు అలా చేస్తున్నావని అడగండి. వారు చెప్పిన జవాబును ఒక నోటు పుస్తకంలో బొమ్మతో సహా రాయమనండి. తేదీ వేయించండి. ప్రభుత్వం ఈ సబ్జెక్టు ఇచ్చేదాకా మన ఇంట్లో మొదలుపెట్టగల మొదటి పాఠం అదే.

మన పెద్దల చేతులు ఈ నేల మీద ఎన్నో అందమైన వస్తువులను చేశాయి. వాటి మీద చేసినవారి పేరు మాత్రం లేదు. మన పిల్లలు చేయబోయే వస్తువుల మీద వారి పేరు ఉండాలి, వాటి మీద హక్కు వారికే ఉండాలి. వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోగా ప్రతి జిల్లా నుంచి ఈ కోరికతో ఒక వినతిపత్రమైనా ఇంటర్మీడియట్ బోర్డుకు చేరాలి.